డ్రాయింగ్ పీరియడ్‌లో లెక్కలు

మా ఊరి హైస్కూల్లో శుక్రవారం ఆఖరి పీరియడ్ డ్రాయింగ్. హెడ్మాస్టర్ గది బయట గోడకు అంటించిన టైంటేబుల్ మీద పచ్చ ఇంకుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండేది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్ళు ఆ మాటను చూస్తూనే పెరిగాను. ఆ ఐదేళ్ళలో డ్రాయింగ్ సారు అనే మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. బెల్లు కొట్టగానే లెక్కల సారు వచ్చేవాడు. “డ్రాయింగ్ సారు లేడు గదా, వడ్డీ లెక్కలు తీయుండ్రి” అనేవాడు. మంచి మనిషి. సిలబస్ వెనకబడుతోందని ఆయన బాధ ఆయనది.

నా పక్కన కూర్చునేవాడు చక్రవడ్డీ లెక్క వెనక పేజీలో ఎద్దును గీసేవాడు. పుస్తకాల్లో ఉండే ఎద్దు కాదు, నాగలి కట్టిన ఎద్దు. కాడి బరువుకు మెడ ఎంత కుంగుతుందో, మూపురం ఎటు జరుగుతుందో, ముందరి కాలు దుక్కిలో దిగబడినప్పుడు మోకాలి దగ్గర ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో వాడి పెన్సిలుకు తెలుసు. ఒకనాడు సారు పట్టుకున్నాడు. రెండు తగిలించాడు. నోటుబుక్కు తిరిగి ఇచ్చే ముందు మాత్రం ఆ పేజీ వంక కాసేపు చూశాడు.

“ఎవలిదిరా ఈ ఎద్దు?”

“మాదే సార్. దాపటెద్దు.”

సారు ఇంకేమీ అనలేదు. ఏమనాలో ఆయనకూ తెలియదు. ఆ చేతికి తగిన కాలేజీ ఒకటి ఉందని, దానికి ప్రవేశ పరీక్ష ఉంటుందని, ఆ చదువు చదివి యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు ఉంటారని ఆ గదిలో ఎవరికీ తెలియదు, సారుతో సహా. ఆ ప్రొఫెసర్లలో ఒకాయన మా మెదక్ జిల్లా పల్లెటూరి మనిషేనన్న సంగతి నాకు హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డాక గానీ తెలియలేదు.

ఆయన కలాల్ లక్ష్మాగౌడ్. 1940లో నిజాంపూర్‌లో పుట్టారు. ఇంటిపేరూ, పేరు చివరి మాటా రెండూ కల్లు కులాన్ని చెప్పేవే. మా వైపు గీత అంటే ముందు గుర్తొచ్చేది కాగితం మీది గీత కాదు, తాటిచెట్టు మీది గీత. మోకు వేసుకుని చెట్టెక్కి, గెల కొసను కత్తితో పల్చగా చెక్కాలి. మందంగా తెగితే గెల పాడైపోతుంది, కత్తి ఆనీ ఆననట్టు పోతే లొట్టిలోకి చుక్క రాలదు. అందుకే ఆ పనివాళ్ళను ప్రభుత్వ కాగితాల్లో కూడా గీత కార్మికులనే అంటారు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లోని సన్నని గీతను చూసినప్పుడల్లా నాకు ఆ కత్తే గుర్తొస్తుంది. ఇది నా సొంత పైత్యం, ఏ విమర్శకుడూ రాసింది కాదు.

ఎచింగ్ అంటే ఏమిటో నాకు చాలా కాలం తెలియదు. ఒక స్నేహితుడి స్టూడియోలో చూసినప్పుడు అర్థమైంది. జింకు రేకు తీసుకుని దాని మీద మైనం లాంటి నల్లటి పూత పూస్తారు. ఆరాక సూదితో గీస్తారు. సూది పోయిన చోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. ఆ రేకును నీళ్ళు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే, బయటపడ్డ గీతల్ని మాత్రమే యాసిడ్ తింటుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు. తీసి కడిగి, పూత తుడిచేసి, ఇంకు పట్టించి, పైపైన ఇంకంతా గుడ్డతో తుడిచేస్తే సిరా గాళ్ళలోనే మిగులుతుంది. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి బరువైన రోలరు కింద తిప్పితే ఆ లోతుల్లోని నలుపంతా కాగితానికి ఎక్కుతుంది. తప్పు గీత పడితే రబ్బరుతో చెరపడం కుదరదు. చేతికి ముందే తెలిసి ఉండాలి.

లక్ష్మాగౌడ్‌కు ఆ చేయి ఎక్కడ తయారైంది? ఊళ్ళోనే. చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూశారు, మట్టి బొమ్మల పని చూశారు. మేకలను చూశారు. ఆయన బొమ్మల్లో మేక ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడం కష్టం. తలపాగా మగవాళ్ళు, ముక్కుపుడక ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య చూపులు, కోరికలు. పల్లెలో దాపరికం లేకుండా సాగిపోయే సంగతులను ఆయన నలుపు తెలుపుల్లో గీసి నగరానికి చూపిస్తే నగరం కొంచెం ఉలిక్కిపడింది. తర్వాత అవే కొనుక్కుంది. రంగుల బొమ్మలు గ్యాలరీల్లో ఎక్కువ అమ్ముడుపోతాయి గానీ, నా ఓటు మాత్రం ఆ తొలినాటి నలుపు తెలుపు ఎచింగులకే.

ఊళ్ళో చూపు తయారవుతుందనడానికి లక్ష్మాగౌడ్ ఒక్కరే సాక్ష్యం కాదు. మా ఊరి సంగతే చెప్తాను. ఇంటి గోడలకు ఎర్రజాజు పూసి, దాని మీద సుద్దతో చుక్కల గీతలు పెట్టేది మా నాయనమ్మ. చుక్కలు పెట్టి ముగ్గు కలిపేటప్పుడు ఆమె చెయ్యి ఎక్కడా ఆగేది కాదు. పిండి వేళ్ళ మధ్య నుంచి ఒకే సన్నని ధారగా జారాలంటే చూపుడువేలూ బొటనవేలూ ఎంత వత్తాలో ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. పక్క వాడలో కుమ్మరి సారె మీద కడవ లేస్తుంటే మేం బడి ఎగ్గొట్టి నిలబడి చూసేవాళ్ళం. పీర్ల పండుగకు పీరీలకు కట్టే దట్టీల రంగులు, బతుకమ్మలో తంగేడు పసుపు పక్కన గునుగుకు అద్దిన ఎరుపు, ఇవన్నీ కళ్ళల్లో పడిపోయేవి. అప్పుడప్పుడు నకాశీ పటం పట్టుకుని కథ చెప్పేవాళ్ళు వచ్చేవాళ్ళు. చేర్యాలలో నకాశీలు గుడ్డకు గంజీ సుద్దా పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద వరుసలు వరుసలుగా బొమ్మలు వేసిస్తే, కథకులు వాటిని రాత్రిపూట కొద్దికొద్దిగా విప్పుతూ ఒక్కో కులానికి ఆ కులపు పురాణం పాడేవాళ్ళు. గౌడులకు గౌడుల కథ, పద్మశాలీలకు మార్కండేయుడి కథ.

ఇంత ఉన్న ఊళ్ళో లేనిదల్లా, పిల్లవాడి నోటుబుక్కు చూసి “ఇది చదువే బిడ్డా, దీనికి హైదరాబాద్‌లో కాలేజీ ఉంది” అనే మనిషి. ఊళ్ళో నీళ్ళ కరువు గురించి రాస్తే అందరికీ అర్థమవుతుంది. బోరు ఎండితే చూపించొచ్చు. ఈ కరువు చూపించడానికి కనబడదు. తరాలుగా ఉంది, కష్టం అని పేరు కూడా పెట్టుకోలేదు.

లక్ష్మాగౌడ్ కథకు వస్తే, ఆయన హైదరాబాద్ ప్రభుత్వ కళా కాలేజీలో చేరారు. నిజాం కాలంలో, సరిగ్గా ఆయన పుట్టిన 1940లోనే మొదలైన సంస్థ అది. 1963లో డిప్లొమా పూర్తయింది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ దొరికింది. దాంతో బరోడా వెళ్ళి, మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో 1965 దాకా కుడ్యచిత్రం, ప్రింట్‌మేకింగ్ చదివారు. గురువు కె.జి. సుబ్రమణ్యన్. కేరళలో పుట్టి, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళి, ప్రభుత్వ కాలేజీల తలుపులు మూసుకుపోతే 1944లో శాంతినికేతన్ చేరిన మనిషి ఆయన. ఊరి పనివాడి నైపుణ్యాన్ని పెద్ద కళ కింద మెట్టుగా కాక, బతికున్న భాషగా చూడమని విద్యార్థులకు నేర్పినవాడు. పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి అంతకంటే ఏం కావాలి? ఊరి గురించి సిగ్గుపడనక్కర్లేదని ఒక ప్రొఫెసర్ నోటి నుంచి వినడం, నా లెక్కలో, డిగ్రీకంటే ఎక్కువ.

బరోడా నుంచి లక్ష్మాగౌడ్ బొంబాయికో ఢిల్లీకో పోలేదు. నిజాంపూర్ తిరిగొచ్చారు. చదువుకున్న కళ్ళతో ఊరిని మళ్ళీ చూశారు. ఆ తర్వాత కొంతకాలం దూరదర్శన్‌లో ఉద్యోగం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1988లో సరోజినీ నాయుడు కళల స్కూల్ ఏర్పడ్డాక అక్కడ అధ్యాపకుడు, ఆపై డీన్. 2016లో పద్మశ్రీ. నిజాంపూర్ మేకలు యూనివర్సిటీ మాస్టర్స్ క్లాసుకు చేరాయి.

ఆయన తరంలో ఇంకొందరు కూడా ఇదే దారిన నడిచారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాద్ కాలేజీలో చదివి బరోడాలో అదే సుబ్రమణ్యన్ దగ్గరికి వెళ్ళారు. నుదుటి నిండా కుంకుమ, నల్లటి ఒళ్ళు, ఎర్రచీర, పచ్చ రవిక. ఆ తెలంగాణ ఆడవాళ్ళను ఇప్పుడు హోటల్ లాబీల్లో నకళ్ళుగా కూడా చూస్తాం. వీళ్ళకు ముందు కొండపల్లి శేషగిరిరావు. 1924లో మహబూబాబాద్ దగ్గరి పెనుగొండలో పుట్టారు. ఆయన ప్రతిభను గుర్తించి శాంతినికేతన్ పంపడానికి చేయూతనిచ్చింది హైదరాబాద్ ప్రముఖుడు మెహదీ నవాజ్ జంగ్. అక్కడ నందలాల్ బోస్ శిష్యరికం చేసి, తిరిగొచ్చి హైదరాబాద్ ఆర్ట్ కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. 1975 ప్రపంచ తెలుగు మహాసభలకు తెలుగుతల్లి బొమ్మ వేసింది ఆయనే.

ఈ కథలన్నిటిలో ఒక పాత్ర మళ్ళీ మళ్ళీ వస్తుంది: చేయి పట్టుకున్న మనిషి. రాజమండ్రి కుర్రవాడు దామెర్ల రామారావును బొంబాయి జె.జె. స్కూలుకు పంపింది అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. బెంగాల్ బాంకురాలో క్షురక కుటుంబంలో పుట్టి, పక్కింటి కుమ్మరుల దగ్గర మట్టి పిసకడం నేర్చుకున్న రామ్‌కింకర్ బైజ్‌ను 1925లో శాంతినికేతన్ చేర్చింది పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ. ఆ రామ్‌కింకర్ తర్వాత అక్కడే శిల్ప విభాగానికి పెద్ద అయ్యాడు. 1938లో సిమెంటూ ఎర్ర కంకరా కలిపి ‘సంథాల్ కుటుంబం’ నిలబెట్టాడు. కంచు కొనే డబ్బు లేనిచోట కంకర.

ఆ సంపాదకుడు బాంకురా రాకపోయి ఉంటే? మెహదీ నవాజ్ జంగ్ కంట శేషగిరిరావు పడకపోయి ఉంటే? ఒక్కో కళాకారుడి వెనక ఒక్కో యాదృచ్ఛికం ఉందంటే, ఎవరి కంటా పడనివాళ్ళు ఎంతమంది ఉండాలో ఊహించుకోండి. మా క్లాసులోనే ఒకడున్నాడు.

చేయి పట్టుకునే మనిషిని అదృష్టానికి వదిలేయకుండా ఊరూరా పెట్టడానికే బడిలో డ్రాయింగ్ మాస్టారు అనే పోస్టు ఉండేది. పాతతరం వాళ్ళకు గుర్తుంటుంది. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ తీసుకుని ఆ ఉద్యోగంలో చేరేవాళ్ళు. బోర్డు మీద చాక్‌పీసుతో ఒక్క గుంజుడులో గుండ్రటి సున్నా గీసి పిల్లల నోళ్ళు తెరిపించిన సార్ల గురించి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఆ పరీక్షలు ఇప్పటికీ జరుగుతున్నాయి. పిల్లలు ఇప్పటికీ రాస్తున్నారు. పాసైన వాళ్ళకు ఊళ్ళో కుర్చీ ఎక్కడుంది అన్నదే ప్రశ్న.

జవాబు చట్టంలోనే ఉంది. అందరూ గొప్పగా చెప్పుకునే విద్యాహక్కు చట్టం, 2009. దాని చివర ఒక షెడ్యూలు ఉంది. ఏ బడికి ఎంతమంది టీచర్లు ఉండాలో చెప్పే పట్టిక అది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు, లెక్కలకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. ప్రతి 35 మందికి ఒక టీచరు. ఆ తర్వాత వస్తుంది అసలు వాక్యం. పిల్లల సంఖ్య 100 దాటితే అప్పుడు పూర్తికాలపు హెడ్మాస్టరు, ఆయనతోపాటు కళా విద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు ఇన్‌స్ట్రక్టర్లు. ఆ ఇన్‌స్ట్రక్టర్లు మాత్రం పార్ట్‌టైమ్.

రెండుసార్లు చదివాను, పొరపాటు పడ్డానేమోనని. పడలేదు. 101 మంది ఉన్న బడిలో పిల్లవాడికి బొమ్మ నేర్పే మనిషి మీద హక్కు ఉంది, అదీ పార్ట్‌టైమ్ హక్కు. సరిగ్గా వంద మంది ఉన్న బడిలో పిల్లవాడికి ఆ మాత్రమూ లేదు. వంద దాటే బడులు సాధారణంగా ఎక్కడుంటాయి? మండల కేంద్రాల్లో, పట్టణాల్లో. వందలోపు బడులు ఎక్కడుంటాయి? నిజాంపూర్ లాంటి చోట్ల. చూపు తయారయ్యే చోటికి మాస్టారు రాకుండా చట్టమే గీత గీసింది.

పైగా ఆ వంద కూడా ఏటేటా జరిగిపోతోంది. పొద్దున ఏడున్నరకు మా ఊరి చౌరస్తాలో నిలబడితే పసుపు రంగు బస్సులు మూడు వస్తాయి. టై కట్టుకున్న పిల్లలు ఎక్కుతారు. తల్లిదండ్రులను తప్పుపట్టలేం, ఇంగ్లిష్ మీడియం మీద ఆశ వాళ్ళది. ప్రభుత్వ బడి స్ట్రెంత్ తగ్గుతుంది. 110 నుంచి 95కు వస్తే, నిన్నటిదాకా ఉన్న హక్కు కూడా పోతుంది. ఆ బస్సులు వెళ్ళే బడుల్లో డ్రాయింగ్ ఉందా అంటే, చాలాచోట్ల ప్రింటు పుస్తకంలో ఆపిల్‌కు ఎరుపు నింపడం ఉంది. ఎరుపు గీత దాటితే మార్కు పోతుంది.

అలాగని ఎవరూ ఏమీ అనలేదని కాదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను పదో తరగతి దాకా అందరికీ తప్పనిసరి చేయాలని గట్టిగానే చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కళను ప్రతి సబ్జెక్టులో కలపాలంటుంది. కాగితం మీద రెండూ బాగున్నాయి. సైన్సు టీచరు పువ్వు బొమ్మ వేయిస్తే కళను కలిపినట్టే లెక్క. పదో తరగతి బోర్డు పరీక్షలో మాత్రం కళకు పేపరు లేదు. పేపరు లేని దానికి పీరియడ్ ఉండదు, పీరియడ్ లేని దానికి పోస్టు ఉండదు. గురుకులాలు కొంచెం నయం. తెలంగాణలో 2023లో గురుకుల నియామక బోర్డు ఇచ్చిన నోటిఫికేషన్లలో ఆర్ట్ టీచర్లు కూడా ఉన్నారు. సీటు దొరికిన పిల్లవాడి సంగతి అది. ఊళ్ళోనే ఉండిపోయినవాడి సంగతి వేరే.

ఊళ్ళో ఉండిపోయినవాడికి ఒకప్పుడు ఇంకో బడి ఉండేది. మండల కేంద్రంలో బస్టాండు పక్కన ఫలానా ఆర్ట్స్ అని బోర్డు పెట్టుకున్న షాపు. నా దాపటెద్దు స్నేహితుడు పదో తరగతి ఫెయిలయ్యాక అక్కడికే వెళ్ళాడు. మొదటి ఏడాదంతా బ్రష్షులు కిరసనాయిల్లో కడగడం, రేకులకు ప్రైమర్ కొట్టడం. రెండో ఏడు బార్డర్లు. ఆ తర్వాత అక్షరాలు. తెలుగు ‘ఠ’ను ఫ్లాట్ బ్రష్షుతో ఒక్క తిప్పులో తేల్చడం ఎంత కష్టమో వాడు చెప్తే తెలిసింది. సైకిలు షాపు బోర్డు, ట్రాక్టరు ట్రాలీ వెనక లక్ష్మీదేవి, పెళ్ళి ఇంటి గోడకు వినాయకుడు, బైకు నంబర్ ప్లేట్లు. ఎన్నికలొస్తే గోడ రాతలు. సున్నంలో నీలిమందూ తుమ్మబంకా కలిపి, నిచ్చెన మీద రాత్రంతా రాసేవాళ్ళు. రెండు పార్టీలకూ వాడే రాసేవాడు. ఒక గోడకు ఇటువైపు ఒకరిది, అటువైపు ఇంకొకరిది. గుర్తుల బొమ్మల్లో మాత్రం పక్షపాతం చూపించేవాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

ఆ షాపులను చిన్నచూపు చూడొద్దు. నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం నేత కుటుంబం నుంచి వచ్చిన ఏలే లక్ష్మణ్ సైన్‌బోర్డుల పనిచేస్తూనే పైకొచ్చారు. 2014లో కొత్త రాష్ట్రానికి వచ్చిన తెలంగాణ అధికార చిహ్నం ఆయన చేతిలోదే. బ్రష్షు పట్టినవాడికి కడుపు నిండుతూ ఉంటే, ఏదో ఒకనాడు కాలేజీ సంగతి చెవిన పడే అవకాశం ఉండేది.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఐదారేళ్ళలో మొత్తం ఊడ్చేసింది. కంప్యూటర్లో ఫొటో, నాలుగు పువ్వులు, గంటలో ప్రింటు, చదరపు అడుగు చొప్పున లెక్క. ఫలానా ఆర్ట్స్ అనే షాపు ఫలానా డిజిటల్స్ అయింది. చేతివాటం ఉన్నవాడి జాగాలోకి మౌసు పట్టగలిగినవాడు వచ్చాడు. గోడ రాతలూ తగ్గిపోయాయి. మా వాడు రెండేళ్ళు వినాయక చవితి విగ్రహాలకు రంగులు వేశాడు. తర్వాత ట్రాలీ ఆటో కొన్నాడు. ఫ్లెక్సీ మీద నాకు కోపం ఉందని కాదు, దండుగ కోపం. ఊరి చేతికి మిగిలిన ఒక్క పొట్టకూటి దారినీ అది మూసేసింది, ఆ జాగాలో ఇంకోటి ఎవరూ తెరవలేదు అంటున్నానంతే.

సరే, ఏదోలా ఒకడు ఊరు దాటాడనుకుందాం. పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేళ్ళు. ఆపై హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో, పాత ఆర్ట్ కాలేజీ ఉన్నచోటే 2008లో ఏర్పడ్డ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. దానికి ప్రవేశ పరీక్ష ఉంది. అందులో మెమరీ డ్రాయింగ్ అని ఒకటి. చూసిన సంతనో జాతరనో తలలోంచి తీసి కాగితం మీద పెట్టాలి. పల్లె పిల్లవాడు గెలవాల్సిన పరీక్ష ఏదైనా ఉంటే అదే. అయితే పరీక్ష ఒకటి ఉందని తెలిసినవాడే కదా దరఖాస్తు చేసేది. నగరంలో దీనికి కోచింగులున్నాయి, ఏ బొమ్మకు ఎంతమంది మనుషులు, నీడ ఏ వైపు అని ముందే రాయించి పంపిస్తారు.

సీటొస్తే బీఎఫ్ఏ నాలుగేళ్ళు. తర్వాత ఎంఎఫ్ఏ రెండేళ్ళు. అంటే పదో తరగతి తర్వాత ఎనిమిదేళ్ళు. ఆ పైన యూనివర్సిటీ కుర్చీ కావాలంటే నెట్ అనే అర్హత పరీక్ష ఉంది. ఇంజనీరింగ్ చదివినవాడు ఆరేళ్ళలో జీతం తెస్తుంటే, ఎనిమిదేళ్ళు కాగితాలూ రంగులూ కొనుక్కుంటూ పోయే కొడుకును ఏ రైతు భరిస్తాడు? రంగు గొట్టం పిండితే అయిపోతుంది. కాన్వాసు ఒకసారి వాడితే పోతుంది. ఎచింగ్‌కు జింకు రేకు, యాసిడ్, ప్రెస్సు కావాలి, ప్రెస్సు ఇంట్లో ఉండదు. హాస్టలు ఫీజు తీసుకునేవాళ్ళు ఈ ఖర్చులు లెక్కలోకి తీసుకోరు.

ఇంకో గోడ ఉంది, బయటికి కనబడనిది. స్టూడియోలో పల్లె కుర్రవాడి చేతిని ఎవరూ ఆపలేరు. ఆర్ట్ హిస్టరీ క్లాసులో మాత్రం లైట్లార్పి స్లైడు వేసి ఇంగ్లిష్‌లో రినైసాన్స్ మొదలుపెడతారు. తెలుగు మీడియం వాడు చీకట్లో తల వంచుకుంటాడు. వాడికి తెలిసిన చేర్యాల పటం సిలబస్‌లో ఏదో మూల, జానపద కళ అనే డబ్బాలో ఉంటుంది. తెలుగులో కళ గురించి చదవడానికి ఏముంది అంటే, గుంటూరు జిల్లా తుమ్మపూడిలో కూర్చుని జీవితమంతా రాసిన సంజీవదేవ్ ఉన్నారు. ఆయన పుస్తకాలు ఎన్ని ఆర్ట్ కాలేజీ లైబ్రరీల్లో దొరుకుతాయో అక్కడి విద్యార్థులే చెప్పాలి. ఆయన కూడా పల్లెలో ఉండే రాశారన్న సంగతి ఆ కుర్రవాడికి ఎవరైనా చెబితే కొంత ధైర్యం వస్తుంది.

మొన్న దసరాకు ఊరికెళ్ళాను. మా వాడు ట్రాలీలో వడ్ల బస్తాలు దింపి టీ తాగుదామని పిలిచాడు. వాళ్ళ వాకిట్లో బతుకమ్మ కోసం వేసిన ముగ్గు ఉంది. ముగ్గులో చుక్కలు లేవు. నేరుగా ముగ్గుపిండితో ఒక మేక. చెవులు వెనక్కి వాల్చి, కొమ్మను అందుకోవడానికి వెనక కాళ్ళ మీద నిలబడింది. ఒక్క గీత కూడా రెండుసార్లు తిప్పింది కాదు.

“ఎవరేశార్రా?”

“మా చిన్నపిల్ల. ఎనిమిది చదువుతున్నది. ఎప్పుడు జూసినా ఇదే పని. వాళ్ళమ్మ తిడతది.”

నేను లక్ష్మాగౌడ్ ఎచింగు ఒకటి ఫోన్‌లో తీసి చూపించాను. ఆ అమ్మాయి ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి, మేక కాలు దగ్గర ఆగింది. “ఈ తాత మనూరోడేనా?” అంది. మన జిల్లానే అన్నాను. ఈయన పెద్ద యూనివర్సిటీలో బొమ్మల పాఠం చెప్పేవాడు అన్నాను. మా వాడు నవ్వాడు. నమ్మలేదు. బొమ్మలకు పాఠమా అన్నాడు. ఒకప్పుడు వాడికి ఎవరూ చెప్పని మాట అది. వాడికి నలభై తొమ్మిదేళ్ళు.

ఆ పిల్ల చదివేది మా పాత బడిలోనే. ఆరు నుంచి ఎనిమిది దాకా వంద మంది లేరు. టైంటేబుల్ ఇప్పుడు కంప్యూటర్ ప్రింటు. శుక్రవారం ఆఖరి పీరియడ్ దగ్గర ఇప్పటికీ ఆర్ట్ అనే ఉంది. ఆ గంటలో ఏం చెప్తారమ్మా అని అడిగితే, లెక్కలు అంది.

ఇది చదివిన వాళ్ళకు ఒక మనవి. చాలామందికి ఇప్పటికీ ఒక ఊరుంటుంది, ఆ ఊళ్ళో ఒక బడి ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు హెడ్మాస్టరును రెండు ప్రశ్నలు అడగండి. ఆరు నుంచి ఎనిమిది దాకా స్ట్రెంత్ ఎంత? డ్రాయింగ్ పీరియడ్ ఎవరు తీసుకుంటున్నారు? తర్వాత క్లాసులోకి వెళ్ళి, నోటుబుక్కులు వెనక పేజీల నుంచి తిరగేయండి.